కొంగరకలాన్ కెమెరా పద్యం: టీకా తాత్పర్యం

చీకటైన వేళ చిత్రమ్ము చూపని
కన్నులెన్నియున్న కాపు సున్న
నెట్టు లేకయున్న నిల్వచేయును దానె
పెట్టెలోని డిస్కు పెద్ద దిక్కు

సందర్భం: ఇబ్రహీంపట్నం మండలం కొంగరకలాన్‌లో 2022లో తెరిచిన జిల్లా కలెక్టరేట్ ఉంది, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ ఉంది. ఆ వెలుగులకు ఆవల ప్లాటు కొని, ప్రహరీ కట్టి, బోరు వేయించి, తాను మాత్రం పట్నంలో కాపురముండే గృహస్థుడు కెమెరాల దుకాణంలో సంశయించుచుండగా కవి చెప్పిన హితవిది.

ప్రతిపదార్థం: చీకటైన వేళ = వీధిదీపం వెలగని రాత్రి; చిత్రమ్ము చూపని = మొహానికి బదులు బూడిదరంగు మరకను చూపించే; కన్నులెన్నియున్న = కెమెరాలు నాలుగున్నా ఎనిమిదున్నా; కాపు సున్న = కావలి లేనట్టే; నెట్టు లేకయున్న = వైఫై, సిమ్ము, క్లౌడు చందా ఏవీ లేకపోయినా; నిల్వచేయును దానె = తానే రికార్డు చేసుకొనును; పెట్టెలోని డిస్కు = డీవీఆర్‌లోనో ఎన్వీఆర్‌లోనో ఉండే హార్డ్ డిస్కు; పెద్ద దిక్కు = పోలీసులకు చూపడానికి మిగిలే ఆధారము.

వ్యాఖ్య: కవి మెగాపిక్సెళ్ల ఊసెత్తలేదు, గమనించాలి. దుకాణదారు మొదలుపెట్టేదే అక్కణ్ణుంచి. అదే సైజు సెన్సారును ఎక్కువ గడులుగా కోస్తే ఒక్కో గడికి దక్కే వెలుగు తగ్గుతుంది. కాబట్టి సెన్సారు సైజు అడగాలి: 1/2.8 అంగుళం కన్నా 1/1.8 పెద్దది. లెన్సు సంగతీ అడగాలి: ఎఫ్ 2.0 కన్నా ఎఫ్ 1.0 నాలుగు రెట్లు వెలుగు లాగుతుంది. నిండు పున్నమి వెన్నెలే సుమారు పావు లక్సు. డబ్బా మీద మాత్రం 0.001 లక్సు అని అచ్చేస్తారు. ఏ షట్టరు వేగంతో కొలిచారో చెప్పరు. షట్టరు నెమ్మదిస్తే గోడ శుభ్రంగా కనబడుతుంది, గోడ దూకినవాడు పొగలా సాగిపోతాడు.

పూర్వపక్షం: ‘ఐఆర్ లైట్లున్నాయి కదా?’

సమాధానం: ఉన్నాయి. 850 నానోమీటర్లవి చీకట్లో ఎర్రగా మిణుకుమంటాయి. 940వి కంటికి ఆనవు, అంత దూరమూ పోవు. దేనితోనైనా రంగు దక్కదు. చొక్కా ఎరుపో నలుపో తేలదు. పైగా లెన్సు ముందు సాలెపురుగు గూడు కడితే ఐఆర్ వెలుగంతా దాని మీదే పడి తెర తెల్లబారుతుంది. ఈ శాస్త్రంలో చీపురుకూ స్థానముంది. గేటు మీద ఒక ఎల్‌ఈడీ బల్బు వెలిగిస్తే రంగు సమస్య చాలావరకు తీరుతుంది.

ఇక డిస్కు. కెమెరాకు 2 ఎంబీపీఎస్ చొప్పున నాలుగింటికి రోజుకు 86 జీబీ, 30 రోజులకు దాదాపు 2.6 టీబీ. జనం గుమిగూడే సంస్థలు 30 రోజుల ఫుటేజీ దాచాలని 2013 నాటి ప్రజా భద్రతా చట్టం చెబుతుంది. ఇంటికి ఆ నిర్బంధం లేదు గానీ, నెలకోసారి ప్లాటుకొచ్చే యజమానికి అదే సరైన కొలత. 4 టీబీ తీసుకోవడం మంచిది.

కవి దోషం: పెట్టె ఎక్కడుండాలో చెప్పలేదు. గేటు పక్క గదిలో పెడితే దొంగ దాన్నీ పట్టుకుపోతాడు. తాళం వేసిన ఇనుప డబ్బాలో, ఎత్తున, యూపీఎస్‌తో పెట్టాలి. నెట్టు లేని పెట్టెలో గడియారం మెల్లగా తప్పుతుంది, వెళ్లినప్పుడల్లా సరిచేయాలి.

తాత్పర్యం: నెట్టు లేని కెమెరా ఫోను మోగించదు, దొంగను ఆపదు, మర్నాడు సాక్ష్యం చెబుతుంది. ఆ సాక్ష్యం పనికొచ్చేదో కాదో కొనేటప్పుడే తేల్చుకోండి. దుకాణంలో లైట్లు ఆర్పించి, ఒక మనిషిని గబగబా నడిపించి, ఆ రికార్డు వేయించుకుని చూడండి. అందుకు ఒప్పుకోని దుకాణంలో కొనకండి.