నవ్వండి, ఇది కామెడీ పోస్టరు!

కామెడీ సినిమా అని చెప్పడానికి మన పోస్టర్లకు కథతో పనిలేదు, పసుపు రంగు చాలు. దాని మీద పేరు తిన్నగా నిలబడకూడదు, అక్షరాలు తూలాలి. హీరో నెత్తిన చేతులు పెట్టుకోవాలి. చెరోపక్కా ఓ హీరోయిన్ అతని చొక్కా పట్టుకు లాగాలి. వెనకాల పాతికమంది నోళ్లు తెరవాలి. పళ్ల డాక్టరు ప్రకటనో, సినిమా పోస్టరో తేల్చుకోవాల్సింది మనమే. సినిమా మొత్తం మోసే కమెడియన్ మాత్రం అడుగున తపాలాబిళ్లంత!

సినీ పత్రికలూ తక్కువేం తినలేదు. లోపల కమెడియన్ ఇంటర్వ్యూ నాలుగు పేజీలున్నా అట్టమీద నవ్వాల్సింది హీరోయినే.

పోస్టర్ల కోసం బాపు, ఈశ్వర్ లాంటి చిత్రకారులు కుంచె పట్టిన రోజుల్లో టైటిల్ అక్షరాలే సినిమా స్వభావం చెప్పేసేవి. ఈశ్వర్ ఏకంగా ‘సినిమా పోస్టర్’ అని పుస్తకమే రాశారు. ఇప్పటివాళ్లకు అది తిరగేసే తీరికేదీ? ప్రీలుక్, ఫస్ట్‌లుక్, పుట్టినరోజు లుక్, సంక్రాంతి శుభాకాంక్షల లుక్... పండక్కొకటి వదలాలి కదా!

సినిమా విడుదలైన మర్నాడే పోస్టరుపై ‘నవ్వుల సునామీ’ పట్టీ పడుతుంది. హాల్లో ఎవరూ నవ్వలేదని తేలితే రెండోవారం పట్టీ మారుతుంది: ‘క్లైమాక్స్‌కు కంటతడి పెడుతున్న కుటుంబ ప్రేక్షకులు’. కన్నీళ్లు నిజమే, కుటుంబం నిర్మాతది.