కష్టపడకుండా 4జీ షెడ్యూలర్ రాసే చిట్కాలు

టవర్ షెడ్యూలర్ రాసే పని మీ నెత్తిన పడిందా? ఏ ఫోనుకు డేటా పంపాలో అది మిల్లీ సెకనుకోసారి తేల్చాలి. గాలిలో సిగ్నల్ నిలకడగా ఉండదని చాలామంది బెంబేలెత్తుతారు. మీకెందుకు? ఇవి పాటించండి, సాయంత్రానికల్లా ఇల్లు చేరతారు.

1. టవర్ కిందున్నవాళ్లకే పంపండి. సిగ్నల్ ఎంత బాగుందో ప్రతి ఫోనూ 0 నుంచి 15 దాకా ఒక అంకెతో చెబుతుంది. దాని పేరు సీక్యూఐ. 1 చెప్పిన ఫోనుకంటే 15 చెప్పినదానికి అదే జాగాలో సుమారు 36 రెట్లు బిట్లు పడతాయి. ఇంకా ఊరి చివరి ఇళ్లకు పంపి మీ సగటు వేగం మీరే దించుకుంటారా? ప్రపోర్షనల్ ఫెయిర్ పద్ధతిలో ఇప్పటి వేగాన్ని ఆ ఫోనుకు ఇదివరకు దక్కిన సగటుతో భాగిస్తారు, వెనకబడ్డవాడికీ వంతు రావాలని. ఆ భాగహారం కొట్టేయండి. ఒక లైను తగ్గింది.

2. పాత రిపోర్టునే నమ్మండి. 1800 మెగాహెర్ట్జ్ మీద, గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోయే రైల్లో రెండు మిల్లీ సెకన్లకే సిగ్నల్ మారిపోతుంది. ఫోను చెప్పిన అంకె మీకు అందేసరికే పాతబడుతుంది. పడనీయండి, అంకె అంకే.

3. అందరికీ 15 వేగమే పెట్టండి. డేటా బ్లాకు చెడిపోతే ఎనిమిది మిల్లీ సెకన్లలో హార్క్ అనే ఏర్పాటు దాన్ని మళ్లీ పంపుతుంది. మళ్లీ చెడితే మళ్లీ పంపుతుంది. టవర్ ఎప్పుడు చూసినా నిండుగా పనిచేస్తూ కనిపిస్తుంది.

4. ఒక్కో ఫోను కోసం ఆగి ఉన్న ప్యాకెట్ల క్యూల జోలికి పోకండి. లింకు ఎప్పుడు దొరుకుతుందో తెలియని చోట, ఆ క్షణాన దొరికినవాటిలో పొడవైన క్యూకు పంపాలని 1993లో టాసియులస్, ఎఫ్రెమిడిస్ అనే పరిశోధకులు చూపించారు. గణాంకాలు ముందే తెలియనక్కర్లేదు, బాగానే ఉంది. కానీ క్యూలు కొలవాలిగా! బఫర్ కుదించండి. ప్యాకెట్లు రాలిపోతాయి, క్యూ పెరగదు.

5. సాకులు ముందే రాసిపెట్టుకోండి. ఫేడింగ్ (గాలిలో సిగ్నల్ హెచ్చుతగ్గులు) అనండి, మీటింగు ముగుస్తుంది. 1800 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ను వాన దాదాపు ఏమీ చేయదు. అయినా వాన పేరే చెప్పండి, ఎవరూ ఎదురడగరు. ఎండాకాలంలో ఫోను పాతదనండి.

6. టెస్టు ఫోను టవర్ పక్కనే పెట్టి కొలవండి. ఊరి చివరివాళ్లు విసిగి సిమ్ మార్చేస్తారు. ఫిర్యాదులు ఆగి, సగటు ఇంకా పెరుగుతుంది. ఆ నెల రిపోర్టు పంపేసి, ప్రమోషన్‌కు దరఖాస్తు పెట్టండి.