మిల్లు ఆఫీసు కంప్యూటర్: చెయ్యి కదపకుండా నెగ్గుకొచ్చే చిట్కాలు

మండపేటలో రైస్ మిల్లయినా, తాడేపల్లిగూడెంలో హోల్‌సేల్ కొట్టయినా గుమాస్తా కోరుకునేది ఒక్కటే: తన కంప్యూటర్ జోలికి ఎవరూ రాకూడదు. ఇలా చెయ్యండి.

1. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని వదలకండి. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ దాన్ని సాగనంపింది. సాగనంపితే మనకేం? మీ స్టాకు ప్రోగ్రామ్ రాసిన కుర్రాడు హైదరాబాద్ వెళ్ళిపోయాడు, అది ఇందులోనే తెరుచుకుంటుంది. ఎడ్జ్‌లో ఐఈ మోడ్ పెట్టుకుంటే ఆ ఒక్క పేజీ పాత పద్ధతిలో, మిగతావి కొత్త బ్రౌజర్‌లో నడుస్తాయని ఎవరైనా అంటే, "ఆయ్, సీజన్ అయ్యాక చూద్దామండి" అనండి. సార్వా అయ్యాక దాళ్వా, దాళ్వా అయ్యాక సార్వా. సీజన్ అవ్వదు.

2. విండోస్ 7 ఉంచుకోండి. 2020 జనవరి 14తో మామూలు వాడకందారులకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగాయి. క్రోమ్ కూడా 109 దగ్గర నిలిచిపోయింది. రీస్టార్ట్ చెయ్యమని విసిగించేవాళ్ళే లేరు.

3. ఎర్ర హెచ్చరిక వస్తే చదవకండి. "అడ్వాన్స్‌డ్" నొక్కి, కింద చిన్న అక్షరాల్లో ఉన్నది నొక్కేయండి. సర్టిఫికెట్ గడువు తీరిందంటే కంప్యూటర్ గడియారాన్ని రెండేళ్ళు వెనక్కి తిప్పండి. అప్పుడు బ్యాంకు సైటు మొరాయిస్తుంది. "బ్యాంకోళ్ళది పోయిందండీ" అంటే సరి, టీకి వెళ్ళిపోవచ్చు.

4. జీఎస్టీఆర్-3బి గడువు 20 అయితే 20 సాయంత్రమే మొదలెట్టండి. ఎక్కకపోతే సర్వర్ డౌన్. ఆలస్య రుసుము రోజుకి 50 రూపాయలు, అది ఓనరుగారి డబ్బు.

5. అందరికీ ఒకటే లాగిన్. మానేసిన కుర్రాడి దగ్గరా అదే ఉందా? ఉండనివ్వండి, అవసరానికి పనికొస్తాడు.

6. అసలైనది డిజిటల్ సంతకం టోకెన్. ఈ-ప్రొక్యూర్‌మెంట్ టెండరుకీ, కంపెనీల రిజిస్ట్రార్‌కి పంపే ఫారాలకీ ఓనరుగారి సంతకం అందులోంచే పడాలి. 2000 నాటి ఐటీ చట్టం దానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఇచ్చింది. అంత విలువైనదాన్ని బీరువాలో దాచి, కావలసినప్పుడల్లా తాళం వెతుక్కోవడం దండగ. రాత్రీ పగలూ కంప్యూటర్‌కి గుచ్చి ఉంచండి. పిన్ నంబరు డెస్క్‌టాప్ మీద "పిన్" అన్న ఫైల్లోనే రాయండి, ఇంకో పేరు పెడితే మీరే మర్చిపోతారు. రిమోట్‌లో చూస్తానన్నవాడు ఎవడైనా లోపలికి రానివ్వండి.

ఎవరైనా నిలదీస్తే జవాబు ఉంది: "2017 మేలో వానాక్రై రాన్సమ్‌వేర్ వస్తే మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లకే తాళాలు పడ్డాయి, మేమెంతండీ?"

ఇక ఓ అర్ధరాత్రి ఎవరో ఎక్కడినుంచో ఆ మిషన్‌లో దూరి, ఓనరుగారి పేరున సంతకాలన్నీ పెట్టేస్తారు. మీరు మంచం దిగక్కర్లేదు.