వంద రూపాయల కోత

నేను వీధి నల్లాను. హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లో స్టూడియోల వెనక, గుట్ట వాలు మీది బస్తీలో, సిమెంటు దిమ్మెకు ఆనుకుని ఎనభైల చివరి నుంచి ఉన్నాను. నగరానికి నీళ్లిచ్చే జలమండలి 1989 నవంబరు 1న పుట్టింది కాబట్టి దానికీ నాకూ వయసులో పెద్ద తేడా లేదు. నా ఇత్తడి తల ఎవడో రాత్రికి రాత్రి విప్పి పాత సామాన్లవాడికి అమ్ముకున్నాడు. అప్పటి నుంచి కట్టెముక్కకు గుడ్డ చుట్టి నా మూతిలో బిగిస్తున్నారు. లాగితే నీళ్లు, కుక్కితే బందు.

నీళ్లు రోజు విడిచి రోజు, అదీ ఏ తెల్లవారుజామునో. అందుకే మనుషుల కన్నా ముందు బిందెలొచ్చి వరసలో కూచునేవి. బిందె వదలడానికి మనసొప్పనివాళ్లు రాయి పెట్టి పోయేవాళ్లు. ఆ రాయిని జరిపిన పాపానికి జుట్టూ జుట్టూ పట్టుకున్న రోజులున్నాయి. పాలమూరు నుంచి మట్టిపనికొచ్చిన అక్కలు, కోస్తా నుంచి సినిమా పిచ్చితో దిగిన జూనియర్ ఆర్టిస్టులు, సీమ నుంచి వచ్చిన లైట్‌మెన్, అందరూ నా ముందే తగువులాడుకుని నా ముందే వియ్యమందుకున్నారు. వాళ్లలో గుడివాడ బాబాయి ఒకడు. కోర్టు సీన్లో జనం, పెళ్లి సీన్లో పెద్దమనిషి, అసెంబ్లీ సీన్లో ఎమ్మెల్యే. లైన్లో నిలబడి పేపరు పైకి చదవడం ఆయన అలవాటు. శాసనసభ గురించి నాకు తెలిసిన మొదటి ముక్కలన్నీ ఆయన గొంతులోంచి వచ్చినవే.

ఓ బడ్జెట్ కాలంలో ఆయన ‘కోత తీర్మానం’ అని చదివేసరికి పాలమూరు అక్క బిందె దించింది.

“గదేంది అన్నా, ఉన్న నీళ్లే సాల్తలేవు. మల్ల కోతంటవ్?”

“నీళ్ల కోత కాదమ్మా, పద్దులో కోత. వంద రూపాయలు తగ్గించమన్నాడు ఎమ్మెల్యే.”

“వంద తగ్గిస్తే మనకేమొస్తది?”

బాబాయి పేజీ తిప్పేశాడు. నాకూ చాలా ఏళ్లకు గానీ బోధపడలేదు. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం సర్కారు అడిగిన ఖర్చును సభ ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, తగ్గించవచ్చు. పెంచమనే హక్కు మాత్రం సభ్యుడికి లేదు. మా బస్తీకి ఇంకో పైపు కావాలనుకున్న ఎమ్మెల్యే కూడా ముందు ఆ శాఖ పద్దులో వంద కొయ్యమనే రాసిస్తాడు. ఆ వంద ఎవడికీ అక్కర్లేదు. దాన్ని సాకుగా పట్టుకుని, పోయినేడు ఇస్తామన్న డబ్బు ఎటు పోయిందని మంత్రిని నిలేస్తాడు. తీర్మానం మామూలుగా వీగిపోతుంది, లేకపోతే వెనక్కి తీసుకుంటారు. కానీ ఈలోగా మంత్రి నోట ఒక హామీ జారి రికార్డులోకి ఎక్కుతుంది. ఆ హామీని వెంటాడటానికి సభలో హామీల కమిటీ ఉంది, ఖర్చయిన డబ్బు లెక్క తీయడానికి ప్రజా పద్దుల కమిటీ ఉంది. నీళ్లు అడగడానికి ఇంత డొంకతిరుగుడా అని నవ్వొచ్చింది గానీ, గుట్ట మీదికి నీళ్లెక్కించే పైపుల మలుపులు చూసినదాన్ని, నాకు వింతేం కాదు.

అప్పట్లో మా ఎమ్మెల్యే పి. జనార్దన్‌రెడ్డి. బస్తీకి పీజేఆర్. జూబ్లీహిల్స్ పేరుతో నియోజకవర్గం ఇంకా లేదు. పైన బంగళాలు, కింద మేము, అంతా ఖైరతాబాదే. కార్మిక సంఘాల్లోంచి వచ్చి అక్కడ అయిదుసార్లు గెలిచాడు. 1994లో 294 మంది సభలో తెలుగుదేశానికి 216 స్థానాలొస్తే కాంగ్రెస్‌కు దక్కినవి 26. ఆ గుప్పెడు మందికీ నాయకుడు ఆయనే. గుడివాడ మనిషి కనుక మా బాబాయి ఎన్టీ రామారావు భక్తుడు. పీజేఆర్ పేరొస్తే పేపరు మడిచేసేవాడు.

2005లో మాత్రం మడవలేదు. అంతకు ముందు ఏడాదే నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లు నగరానికొచ్చాయి. మొదటి దశలో రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు, కోదండాపూర్‌లో శుద్ధి చేసి పంపేవి. ఇంతలో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 170వ నంబరు జీవోతో పోతిరెడ్డిపాడు సామర్థ్యాన్ని 11 వేల పైచిలుకు క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచింది. శ్రీశైలం జలాశయం నుంచి సీమకు నీళ్లు తీసుకెళ్లే తూము అది. పీజేఆర్ అధికార పక్షం మనిషి, ఈసారి మంత్రి పదవి దక్కని సీనియర్. అయినా సభలో లేచి సొంత సర్కారును ఎదిరించాడు.

“కడుపుమంటతో మాట్లాడాడు, పదవి రాలేదుగా” అన్నాడు బాబాయి, పేపరు మీంచి తలెత్తకుండా.

“శ్రీశైలంల గుంజుకుంటే కింద సాగర్‌కేం మిగుల్తది? సాగర్ ఎండితే ఈ నల్లాకేమొస్తది?” అంది అక్క.

వరసలో వెనక నిలబడ్డ అనంతపురం లైట్‌మన్‌కు ఒళ్లు మండింది. “మా ఊర్లో వెయ్యడుగులు బోరేసినా చుక్క ల్యాదక్కా. మేం మనుషులం కాదా?”

ఇద్దరి మాటా నిజమే. పీజేఆర్ కోపంలో పదవి పాలెంతో, నీళ్ల పాలెంతో తూచడం నా వల్ల కాదు. ఒకటి మాత్రం చెప్పగలను. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక సభ్యుడి ఓటు పార్టీ విప్ చేతిలోకి పోయింది. మాట ఒక్కటే ఇంకా అతని సొంతం. ఆయన దాన్ని వాడుకున్నాడు. 2007 డిసెంబరు 28న పీజేఆర్ పోయాడు. ఆయనకు ఓటెయ్యని బాబాయి కూడా ఆ రోజు షూటింగుకు పోలేదు.

తర్వాత ఖైరతాబాద్‌ను ముక్కలు చేశారు. 2009లో జూబ్లీహిల్స్ నియోజకవర్గానికి మొదటి ఎమ్మెల్యే పీజేఆర్ కొడుకు విష్ణువర్ధన్‌రెడ్డి. తర్వాత మూడుసార్లూ మాగంటి గోపీనాథ్, ఆయన సినిమా నిర్మాత కూడా. తమాషా ఏంటంటే ఆ నియోజకవర్గమంటే ముఖ్యంగా బోరబండ, యూసుఫ్‌గూడ, రహ్మత్‌నగర్, ఎర్రగడ్డ. జూబ్లీహిల్స్ బంగళాల డివిజను మాత్రం ఖైరతాబాద్‌లోనే ఉండిపోయింది. జూబ్లీహిల్స్ ఎమ్మెల్యే అనగానే సినిమావాళ్ల ఎమ్మెల్యే అనుకునేవాళ్లను చూస్తే నాకు జాలి.

2018 మార్చిలో బాబాయి పేపరు నిండా ఫొటోలే. అప్పటి చిత్తూరు ఎంపీ శివప్రసాద్ స్వయంగా నటుడు. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోసం పార్లమెంటు ఆవరణలో రోజుకో వేషం కడుతున్నాడు. అడిగిన విషయం న్యాయమైనదే, వేషాలకూ పేరొచ్చింది. ఆ నెల 14న లోపల పలు పార్టీల నినాదాల గోలలో లోక్‌సభ 99 శాఖల పద్దులను చర్చ లేకుండా సుమారు అరగంటలో ఆమోదించేసింది. దాన్ని గిలెటిన్ అంటారు. ఆ వార్త లోపలి పేజీలో ఉంది. వంద రూపాయల కోత సాకుతో మంత్రిని నిలేయడానికి కూడా ఆ రోజు ఎవరికీ వీల్లేకపోయింది.

ఇప్పుడు నా ముందు వరస లేదు. పేదలకు రూపాయికే ఇంటి నల్లా అన్నారు, 2021 నుంచి నెలకు 20 వేల లీటర్లు ఉచితమన్నారు. ఇంటింటికీ సన్న పైపులు పాకాయి. నా దిమ్మె మీద ముసలివాళ్లు కూచుంటారు. నిరుడు బాబాయికి మళ్లీ అసెంబ్లీ సీను తగిలింది, ప్రతిపక్ష ఎమ్మెల్యే వేషం. వచ్చి నా పక్కనే చతికిలబడి అక్కకు చెబుతున్నాడు.

“కోత తీర్మానం మీద ఒక్క డైలాగు పెట్టండి సార్ అని అడిగానమ్మా. అవన్నీ ఎందుకు బాబాయ్, లేచి కాగితాలు చించి గాల్లోకి విసిరెయ్, గోల డబ్బింగులో కలుపుతాం అన్నాడు అసిస్టెంటు డైరెక్టరు.”

“మరి చింపినవా?”

“చించకేం? టేకు మీద టేకు. సాయంత్రానికి బేటా చేతిలో పెట్టారు.”