కోరపన్ను, కన్ను

పైపళ్ళు పీకిస్తే చూపు పోతుందని నేను నమ్మాను. నమ్మి ఊరుకోలేదు. బడిలో పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ణి, ఆ మాట పట్టుకుని మా అమ్మను పళ్ళ డాక్టరు దగ్గరికి పోనివ్వలేదు.

కళ్యాణదుర్గం వైపు మా పల్లెలో దీనికి సాక్ష్యాలకు కొదవ లేదు. ఫలానా తాత పైపన్ను తీయించుకున్నాడు, ఏడాది తిరక్కుండా కళ్ళు మసకేశాయి అంటారు. పళ్ళు కదిలే వయసూ శుక్లాలు ముదిరే వయసూ ఒకటేనన్న ముక్క నాకు తట్టలేదు. బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువున్న నేల మాది. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చింది గానీ, పసితనంలో పళ్ళకు పట్టిన గోధుమరంగు మచ్చలు పోయేవి కావు. పన్ను పాడైతే తలరాత అనుకోవడం అలవాటైపోయింది.

అమ్మకు ఎడమవైపు పై కోరపన్ను పుచ్చింది. రాత్రిళ్ళు లవంగం అదిమిపెట్టి కూర్చునేది. వేయించిన శనక్కాయలు మానేసింది. "సంగటైతే నమిలే పని లేదు కదమ్మా, మింగేయొచ్చు" అన్నాను. ఆ మాట ఎలా అనగలిగానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. చెంప ఉబ్బి, వాపు కంటి కిందికి పాకాక గానీ అనంతపురం బస్సెక్కించలేదు.

డాక్టరమ్మ చీముకు మందులిచ్చి, కొన్నాళ్ళాగి పన్ను తీస్తానన్నారు. పన్ను తీసే రోజు పక్కనే నిలబడి చూశాను. పైపెదవి ఎత్తిపట్టి, వేలితో కంటిగూడు అంచు తడిమి, దానికి ఇంచుమించు ఒక సెంటీమీటరు కిందున్న చిన్న గుంటను గుర్తుపట్టారు. సూది నోట్లోంచే ఆ గుంట వైపు మెల్లగా ఎక్కింది. కాసేపటికి అమ్మ, "కన్ను కింద మొద్దుబారినట్టుందిరా" అంది. నాకు కాళ్ళూచేతులూ ఆడలేదు. "ఆపండి మేడమ్, కన్ను!" అని అరిచాను.

ఆవిడ విసుక్కోలేదు. అమ్మ ఎడమకన్ను ఎదుట రెండు వేళ్ళు పెట్టి ఎన్నని అడిగారు. "రెండు" అంది అమ్మ. అప్పుడు నాకు చెప్పారు. పైదవడ పళ్ళకు స్పర్శనిచ్చే నాడి కంటిగూడు అడుగు నుంచి సాగి ఆ గుంటలోంచి బయటికొస్తుంది. కింది రెప్పకు, ముక్కు పక్కకు, పైపెదవికి స్పర్శ దానిదే, కాబట్టి అవన్నీ మొద్దుబారతాయి. చూపును మోసే నాడి వేరు. అది కనుగుడ్డు వెనకనుంచి నేరుగా మెదడుకు పోతుంది, పన్ను వేరుతో దానికి పొత్తే లేదు.

తర్వాత ఆవిడ చెప్పింది విని తల దించుకున్నాను. పైదవడ ఎముక పలచన, సన్నటి రంధ్రాలుంటాయి. మామూలుగానైతే పన్ను పక్క చిగుట్లో మందు ఎక్కిస్తే ఎముకలోంచి వేరు దాకా ఇంకిపోతుంది, అంతటితో సరి. చీము పట్టినచోట ఆమ్లం పెరిగి లిగ్నోకెయిన్ అనే ఆ మత్తుమందు సరిగా పనిచేయదు. అందుకే వాపుకు దూరంగా, నాడి బయటికొచ్చే చోటే మందు వేయాల్సి వచ్చింది. కంటికేదో అవుతుందని నేను చేసిన జాప్యమే సూదిని కంటి దగ్గరికి తెచ్చింది. పైగా కంటికి అసలు ముప్పు ఆ చీముతోనే. కోరపన్ను దగ్గరి చీము ముదిరితే కంటి చుట్టూ పాకుతుంది, అరుదుగా మెదడు దాకా పోతుంది.

ఆ రాత్రి పుస్తకాలు తిరగేశాను. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకెయిన్‌తో స్థానిక మత్తును శస్త్రచికిత్సకు వాడి చూపించింది కంటి మీదే. లిగ్నోకెయిన్‌ను 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు. ఇంత కాలంగా ఉన్న సంగతి చదవకుండా నేను పాఠాలు చెప్పాను.

మా పక్కింటి చిన్నమ్మకూ అప్పట్లో పన్ను పీకించుకోవద్దనే చెప్పాను. మొన్న పోయి, నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. "సూది నొప్పి చేస్తాదా నాయనా?" అని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. అంగిట్లో ఒక సూది వేస్తారు, అక్కడ చర్మం ఎముకకు అతుక్కుని ఉంటుంది, మందు పోవడానికి జాగా ఉండదు, అందుకే ఆ సూది బాగా గుచ్చుకుంటుంది. అమ్మకు వేసేముందు డాక్టరమ్మ దూదిపుల్లతో అక్కడ గట్టిగా అదిమిపట్టారు, దాంతో కాస్త ఓర్చుకోగలిగింది. "నీక్కూడా అట్లనే అదమమని చెప్తాను చిన్నమ్మా, నేనూ వస్తా" అన్నాను. సోమవారం పోదామంది.