గురువారం నాది

నేను ట్రెడిల్‌ని, కాలితో తొక్కితే తిరిగే అచ్చుయంత్రాన్ని. అమృత్‌సర్‌లో పోతపోసిన ఇనుము నాది. 1960ల మొదట్లో గూడ్సుబండిలో కావలి స్టేషనుకు వచ్చాను. అక్కడినుంచి ఎద్దులబండి మీద ట్రంకురోడ్డు దాటి ఒక పెంకుటింటి వసారాలో దిగాను. నన్ను కొన్న అయ్య అప్పటిదాకా బళ్లో తెలుగు చెప్పేవారు. పొలానికి మూడేళ్ల కౌలు ముందే తీసుకుని ఆ డబ్బు నాకూ, మద్రాసునుంచి తెప్పించిన సీసపు అక్షరాలకూ పెట్టారు. వారపత్రిక తేవాలని ఆయన పట్టుదల. వెనక ఏ పార్టీ లేదు, ఏ ఆస్తిపరుడూ లేడు. నాలుగు పేజీలు, ప్రతి గురువారం.

ఆ రోజుల్లో ఊరికో పత్రిక పుట్టేది. మొదటి సంచికకు కొబ్బరికాయ, పూలదండ, పెద్దల ఆశీస్సులు. నాలుగో సంచికలో ఆలస్యానికి క్షమాపణ. ఆ తర్వాత అయిపూ అజా ఉండేది కాదు. మా కేసుల ముందు, అంటే సీసపు అక్షరాలుండే గళ్లపెట్టెల ముందు, నిలబడి అక్షరాలు కూర్చడానికి నెల్లూరునుంచి వచ్చిన ముసలి కంపోజిటర్ ఇవన్నీ చూసినవాడు. పూజ అయ్యాక అయ్యతో అన్నాడు: "మొదటి సంచిక ఎవురైనా తెస్తారయ్యా. ముప్పయ్యోది చూద్దాం."

అయ్య నొచ్చుకోలేదు. "ముప్పయ్యోది రావాలంటే ఏం చెయ్యాలో చెప్పు పెద్దాయనా" అన్నారు.

పెద్దాయన చెప్పినదాంట్లో రాయడం ఊసే లేదు. అచ్చయిన రాత్రే ఫారాన్ని, అంటే అక్షరాలు పేర్చి కట్టిన పేజీని, విప్పి అక్షరాలు మళ్లీ కేసుల్లో వేసెయ్యాలన్నాడు. అచ్చాఫీసుల్లో దీన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. పాఠకుడికి ఇది కనిపించదు. ఇంగ్లీషుకు 26 అక్షరాలు, పెద్దబడి చిన్నబడి కలిపినా రెండు కేసులతో సరి. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాలు అన్నీ కలిపితే కొన్ని వందల గళ్లు. ఒక్కో గడిలో అక్షరాలు లెక్కగానే ఉంటాయి. ఈ వారం పేజీల్లో ఇరుక్కున్న 'లు', 'ను' తిరిగి గడిలోకి రాకపోతే వచ్చే సోమవారం సగం వాక్యం దగ్గర కంపోజింగు ఆగిపోతుంది. అప్పుడు రాసేవాడికి ఎంత ఉత్సాహం ఉన్నా చెయ్యగలిగింది లేదు.

అచ్చు పూర్తయ్యేసరికి అందరికీ ఒళ్లు పులిసిపోయి ఉంటుంది. పత్రిక చేతికొచ్చిన సంతోషం వేరే. పడుకుందామనిపిస్తుంది. సరిగ్గా ఆ గంటలోనే కిరసనాయిలు గుడ్డతో ఫారం తుడిచి, తాడు విప్పి, నాలుగేసి వరసలు ఎడమచేతిలోకి తీసుకుని, కుడిచేత్తో ఒక్కో అక్షరాన్నీ దాని గడిలోకి జారవిడిచేవారు. సీసం మీద సీసం పడే ఆ చప్పుడు నాకు వచ్చే వారానికి వేసిన పునాదిలా వినిపించేది. నాకు తెలిసిన ఎన్నో పత్రికలు రాతగాళ్లు లేక ఆగలేదు. చేసిన పనిని సర్ది, మళ్లీ మొదలుపెట్టడానికి వీలుగా ఉంచేవాళ్లు లేక ఆగాయి. ఇంత ముఖ్యమైన పనికి గొప్ప పేరు లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అయ్య వారం ఇలా గడిచేది. శుక్ర, శనివారాలు సైకిలెక్కి తిరిగేవారు. తుమ్మలపెంటలో పడవలు ఒడ్డుకొచ్చే వేళకు అక్కడుండేవారు. కావలి కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో, మొలగొలుకుల పుట్టి ఏ ధర పలుకుతోందో అడిగి రాసుకునేవారు. ఆదివారం కూర్చుని రాసేవారు. సోమవారం కంపోజింగు, మంగళవారం ప్రూఫులు. బుధవారం నా మీద లోపలి పేజీలు ఎక్కేవి. గురువారం పొద్దున మొదటి పేజీ, చివరి పేజీ. మధ్యాహ్నానికి చుట్టి, చిరునామా అంటించి తపాలా కచేరీకి.

లోపలి పేజీలు ముందు వెయ్యడంలో ఒక కిటుకుంది. అక్కడ తేదీతో పనిలేని మేటరు పెట్టేవారు: ఒక పద్యం, ఊరి పాతచరిత్ర, చేలో పురుగుకు మందు. ఇలాంటిది నెలకు సరిపడా ఎప్పుడూ సొరుగులో ఉండాలని అయ్య నియమం. ఒక ఏడు ఆయన టైఫాయిడుతో మంచానపడ్డారు. పెద్దాయన ఆ సొరుగు తెరిచాడు, పత్రిక వచ్చింది. రాయాలనే కోరిక రోజూ ఒకేలా ఉండదని అయ్యకు బాగా తెలుసు. అందుకే అది పొంగిన రోజు రెండు వ్యాసాలు రాసి ఒకటి దాచేవారు.

అయ్య రాత్రిళ్లు ప్రూఫులు దిద్దుతూ ఈ జిల్లా మనుషుల గురించి చెప్పేవారు. వినేది కంపోజిటర్, నేను, కాస్త పెద్దయ్యాక ఆయన కూతురు. ఆ మనుషుల్లో దంపూరు నరసయ్య అంటే ఆయనకు ప్రాణం. నరసయ్య 1849లో పుట్టారు, 1909లో పోయారు. 1881లో మద్రాసులో 'పీపుల్స్ ఫ్రెండ్' అనే ఇంగ్లీషు పత్రిక పెట్టి ఏళ్ల తరబడి నడిపారు. అంతటి పట్నంలో అంత పని చేసినవారు తిరిగి జిల్లాకు వచ్చి, 1900లో 'ఆంధ్రభాషా గ్రామవర్తమాని' పేరుతో పల్లెల కోసం తెలుగు వారపత్రిక మొదలుపెట్టారు. "యాభయ్యేళ్లు దాటినాక ఎవరైనా పల్లెలో కూర్చుని పత్రిక మొదలుపెడతారా? ఆయన పెట్టారు" అని అయ్య ఆ మాట చెప్పిన ప్రతిసారీ కళ్లద్దాలు తీసి తుడుచుకునేవారు. నెల్లూరులో 'జమీన్ రైతు' ఉండనే ఉంది. జమీందారీ రైతుల పోరాటకాలంలో పుట్టి, మేం మొదలుపెట్టేనాటికే ముప్పయ్యేళ్లు దాటి నడుస్తున్న వారపత్రిక. అదే మాకు కొలబద్ద. అందులో పనిచేసిన బండి గోపాలరెడ్డి, అదే బంగోరె, 1897 నాటి మొదటి కన్యాశుల్కాన్ని వెలికితీసి 1969లో మళ్లీ అచ్చువేయించారు. అందరూ చదివేది 1909లో గురజాడ తిరగరాసిన నాటకం. దాని వెనక మరుగున పడిన మొదటి కూర్పు మళ్లీ పుస్తకంగా వచ్చిందని తెలిసిన రోజు మా వసారాలో పండగే. బంగోరె 1982లోనే పోయారు. ఆయనలాంటి మనిషికి ఈ సమాజం ఇంకా ఆసరా ఇచ్చి ఉండాల్సిందని నా అభిప్రాయం.

పొణకా కనకమ్మగారి సంగతి కూతురు పెద్దయ్యాక చదివి వినిపించింది. పొట్లపూడి కోడలు. బడికి పోని పిల్ల ఇంట్లోనే చదువు నేర్చుకుని కవిత్వం రాసింది. 1923లో నెల్లూరులో ఆడపిల్లలకు కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయింది. తన కథ కూడా రాసుకుంది. ఆవిడ 1963లో కన్నుమూస్తే ఆ రాతప్రతి 'కనకపుష్యరాగం'గా పుస్తకమై వచ్చింది 2011లో, కాళిదాసు పురుషోత్తంగారి చేతుల మీదుగా. చదివేవాళ్లు ఎప్పుడొస్తారో తెలియకుండా, వస్తారో రారో కూడా తెలియకుండా అన్ని కాగితాలు నింపడానికి ఎంత గుండె కావాలి! మాకైతే గురువారం సాయంత్రానికి ఎవరో ఒకరు చదివేవారు.

ప్రభుత్వానికి కూడా పత్రిక మీద ఒక లెక్క ఉండేది. 1867 నాటి అచ్చుయంత్రాల, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మేజిస్ట్రేటు ముందు డిక్లరేషన్ ఇవ్వాల్సి ఉండేది. వారపత్రిక మూడు నెలల్లో రావలసిన సంచికల్లో సగం కూడా తేలేకపోతే ఆ డిక్లరేషన్ చెల్లేది కాదు. ఎంత బాగా రాశారని చట్టం అడిగేది కాదు. వచ్చిందా లేదా, అంతే. 2023లో కొత్త చట్టం వచ్చేదాకా మా బతుకు ఈ లెక్క కిందే గడిచింది.

ఇక 1989 నవంబరు. ఇది తీరిగ్గా చెప్పాలి.

ఆ నెల వచ్చిన తుపాను థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడి నేలను దాటి, బంగాళాఖాతంలో మళ్లీ బలం పుంజుకుని 8వ తేదీ రాత్రి కావలి దగ్గర తీరం దాటింది. దాని పేరు గే. ఆ రోజు బుధవారం. లోపలి పేజీలు అప్పుడే నా మీద పూర్తయ్యాయి. చీకటి పడేసరికి గాలి హోరు మాట వినపడనివ్వలేదు. అర్ధరాత్రికి వసారా పెంకులు ఒకదాని వెంట ఒకటి లేచిపోయాయి. గోడవారనున్న కేసుల బల్ల ఒరిగి బోర్లాపడింది. కొన్ని వందల గళ్ల అక్షరాలు బురదనీళ్లలో కలగాపులగంగా కలిసిపోయాయి. అచ్చైన లోపలి పేజీలు తడిసి ముద్దయ్యాయి. నేను బరువైనదాన్ని కాబట్టి కదల్లేదు. ఆ రాత్రి నా బరువు నాకు గర్వంగా అనిపించింది.

తెల్లారాక అయ్య, పెద్దాయన, బడి చదువులో ఉన్న కూతురు, ముగ్గురూ వచ్చి నిలబడ్డారు. కరెంటు లేదు. రోడ్లకు అడ్డంగా చెట్లు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఆ పిల్లే అడిగింది: "నాయనా, ఈరోజు గురువారం కదా?"

నాకు కరెంటుతో పనిలేదు. తొక్కే కాలు ఉంటే చాలు. శీర్షికలకు వాడే పెద్ద చెక్క అక్షరాలు అటకమీద పెట్టెలో భద్రంగా ఉన్నాయి. బురదలోంచి ఏరి, కడిగి, పనికొచ్చే సీసపు అక్షరాలు కొన్ని పోగుచేశారు. 'ళ' దొరక్కపోతే ఆ అక్షరం లేని మాట వెతుక్కున్నారు. తపాలా లేదు, బస్సులు లేవు, కాబట్టి నాలుగు పేజీల ఊసే లేదు. ఒకవైపే అచ్చైన చిన్న కాగితం. ఏ దారి తెగింది, అన్నం ఎక్కడ వండుతున్నారు, నీళ్లు కాచి తాగండి, తప్పిపోయినవాళ్ల కోసం ఎక్కడ అడగాలి. పెద్దాయనకు మోకాళ్లు సహకరించక పిల్ల నా పెడల్ తొక్కింది. ఎండకు ఆరిన కొద్దిపాటి కాగితం మీద అచ్చయినన్ని అయ్యాయి. సాయంత్రానికి అయ్యా, కూతురూ సైకిలు నడిపించుకుంటూ నాలుగు వీధులూ, పక్క పల్లెలూ తిరిగి పంచారు. ఆ కాగితానికి ఎవరూ డబ్బులివ్వలేదు, వీళ్లు అడగలేదు. కానీ మరుసటి ఏడు చందా అడగడానికి అయ్య ఎవరి గడపా ఎక్కాల్సిన పని పడలేదు. మనుషులే వచ్చి కట్టిపోయారు.

కలిసిపోయిన అక్షరాలు వేరు చెయ్యడానికి నెలలు పట్టింది. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక్కో చేట పోసుకుని ఏరేవారు. పెద్దాయన చివరిగా చేసిన పెద్దపని అదే.

మూడేళ్లు తిరిగేసరికి కలిగిరి దగ్గరి దూబగుంటలో ఆడవాళ్లు సారాకొట్టు మూయించారు. వాళ్లు 'అక్షరదీపం' అనే అక్షరాస్యత కార్యక్రమం రాత్రిబళ్లలో చదువు నేర్చుకుంటూ తమ సంసారాల గురించి మాట్లాడుకున్న ఆడవాళ్లు. వాళ్ల ముందు నడిచిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది తర్వాత. అయ్యకు ముందే తెలియడానికి కారణం ఏ తెలివీ కాదు. శుక్రవారం శుక్రవారం ఆ దారుల్లో సైకిలు మీద పోయే అలవాటు. ఊళ్లో ఏం జరిగినా ఆయన వచ్చే రోజు జనానికి తెలుసు కాబట్టి, చెప్పడానికి ఎవరో ఒకరు సిద్ధంగా ఉండేవారు. ఏ ఊరు సారా వేలంపాట ఆపింది, ఏ ఊళ్లో ఎవరిని బెదిరించారు, వారంవారం రాశారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. అది శుక్రవారం. ముందురోజు గురువారం. "రేపటినుంచి సారా లేదు" అనే అక్షరాలు నా ఒంటి మీద సిరాతో తడిసిన ఆ పొద్దు నా బతుకులో అన్నిటికంటే మంచి పొద్దు.

ఆ తర్వాత కంప్యూటర్లొచ్చాయి, ఆఫ్‌సెట్ వచ్చింది. సీసపు అక్షరాలు తూకానికి పోయాయి. అయ్య కాలం చేశారు. పత్రిక కూతురి చేతికొచ్చింది. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, రొయ్యలచెరువుల మీద రాసినందుకు వచ్చే బెదిరింపులు, వీటి మధ్య వారపత్రిక తన వల్ల కాదని ఆమెకు త్వరగానే అర్థమైంది. కొంతమంది మానెయ్యమన్నారు. కొంతమంది నాన్న పేరు నిలబెట్టాలంటే వారంవారమే తేవాలన్నారు. ఆమె రెండూ వినలేదు. పక్షపత్రికగా మార్చి కొత్త డిక్లరేషన్ ఇచ్చింది. ఒకటో తేదీ, పదహారో తేదీ. చెయ్యగలిగినంతే మాటివ్వడం, ఇచ్చిన మాట తప్పకపోవడం. అయ్య ఉన్నా ఇదే మెచ్చుకునేవారని నేను గట్టిగా నమ్ముతాను. సొరుగులో నిలవ మేటరు పెట్టే నియమం మాత్రం అలాగే ఉంది, ఇప్పుడది ఫోనులో ఉంటుంది. సంచిక పంపిన రాత్రే ఫోటోలు, రాతలు, ఫోను నంబర్లు దేనికది సర్ది పెట్టుకున్నాకే పడుకుంటుంది. పెద్దాయన పక్కన నిలబడి నేర్చుకున్న పిల్ల కదా.

నేనింకా పనిలోనే ఉన్నాను. అక్షరాలు లేవు గానీ బిల్లుపుస్తకాలకు నంబర్లు వేస్తాను, రసీదులకు చింపుకునే చిల్లుల గీత కొడతాను, శుభలేఖల అట్టలకు మడత పెడతాను. ఆ కూలిడబ్బుతోనే పత్రిక తపాలా ఖర్చు గడుస్తోంది. సముద్రపుగాలికి తుప్పు పట్టకుండా ఆమె నాకు నూనె పెడుతూనే ఉంది.

చదువుతున్న మీకు ఒక్క మనవి. మీ ఊళ్లో, మీ జిల్లాలో ఎవరి అండా లేకుండా చెప్పిన తేదీకి వస్తున్న చిన్న పత్రిక ఏదో ఒకటి ఉంటుంది. దానికి ఏడాది చందా కట్టండి. గుర్తుచేసే కార్డు వచ్చేదాకా ఆగకండి, గడువుకు ముందే కట్టండి.