క్యాష్‌లెస్ ఖండం: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిది చెప్పకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రి గ్రౌండ్ ఫ్లోర్‌లో, ఫార్మసీకీ లిఫ్టుకీ మధ్యన ఇన్సూరెన్స్ డెస్క్ వెనక కూర్చునే నేనూ వ్యాఖ్యాతనే. పోర్టల్‌లో దిగే మూలాన్ని ఎదురుగా నిలబడ్డవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడమే నాకు జీతమిచ్చే పని. కానీ ఆ మహానుభావుడి నియమం నాకు కుదిరేది కాదు. నా మూలంలో ఉండేదే నాలుగు ముక్కలు, అడిగేవాళ్లకు కావలసినదంతా మూలంలో లేనిదే. ఒక రాత్రి షిఫ్టులో, మంజూరు పెంచమని కోరే ఎన్‌హాన్స్‌మెంట్ ఫారం వెనక ఈ పద్యం పుట్టింది.

మూలం

అడిగినట్టి పత్ర మంపిన పిమ్మట
నడుగనట్టి దేది యనుచు నడుగు
గంటలోన నన్న కబురు రా దెన్నడు
చేతి తొడుగు బిల్లు చెల్ల దనును

ప్రతిపదార్థం

అడిగినట్టి = నిన్న క్వెరీలో కోరిన; పత్రము = మొదటిసారి చూపించుకున్న డాక్టరు చీటీని; అంపిన పిమ్మటన్ = స్కాన్ చేసి, స్టాంపు వేయించి, పోర్టల్ మూడుసార్లు మొరాయించాక ఎక్కించిన తర్వాత; అడుగనట్టిది = ఆ క్వెరీలో మాట మాత్రంగానైనా లేనిది; ఏది అనుచున్ = ఎందుకు పెట్టలేదు అంటూ; అడుగున్ = రెండో క్వెరీ వేయును; గంటలోనన్ అన్న = అరవై నిమిషాల్లో వస్తుందన్న; కబురు = అప్రూవల్; ఎన్నడు రాదు = స్పష్టం; చేతి తొడుగు బిల్లు = గ్లౌజుల ఖర్చు; చెల్లదు అనును = నాన్ పేయబుల్ అనును.

తాత్పర్యం

డబ్బు మీరే కట్టండి.

విశేషాలు

పద్యంలో అడుగు, అనును అన్న క్రియలున్నాయి. ఆ రెండింటికీ కర్త లేడు. ఛందస్సు కోసం వదిలేశానని ఎవరైనా అనుకుంటే పొరపాటు, నాకు దొరకలేదు. వాక్యంలో లేని పదాన్ని సందర్భం నుంచి తెచ్చుకోవడాన్ని అధ్యాహారం అంటారు. తెచ్చుకుందామని ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేస్తే టీపీఏని అడగమంటారు. టీపీఏకి చేస్తే మెడికల్ టీం చూస్తోందంటారు. మెడికల్ టీంకి ఫోన్ లేదు.

టీపీఏ అంటే థర్డ్ పార్టీ అడ్మినిస్ట్రేటర్. 2001లో నిబంధనలు వచ్చాక మన దేశంలో వెలసిన వ్యవస్థ. ఇంగ్లీషువాళ్ల లెక్కలో మూడో మనిషి. మన వ్యాకరణంలో ఆ మూడో మనిషినే ప్రథమ పురుష అంటాం. డెస్క్‌లో చేరేదాకా ఆ పేరు ఎందుకొచ్చిందో నాకు బోధపడలేదు. ప్రీమియం కట్టినవాడు మధ్యమ పురుష, పేరుకు తగ్గట్టు మధ్యలో నలుగుతాడు. ఉత్తమ పురుషనైన నేను తిట్లు తింటాను.

నిజానికి క్లెయిం తిరస్కరించే అధికారం టీపీఏకి లేదు, అది కంపెనీదే. 2024 మే 29న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం కంపెనీ కూడా క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఒప్పుకోకుండా కాదనకూడదు. అందుకనో ఏమో, ఎవరూ కాదనరు. ‘ఈ దశలో క్యాష్‌లెస్ ఇవ్వలేము, బిల్లు కట్టి రీయింబర్స్‌మెంటుకు పెట్టుకోవచ్చు, దీన్ని తిరస్కరణగా భావించరాదు’ అని ఉత్తరం వస్తుంది. కాదన్నది కాదనడం కాదన్నమాట. అద్వైతం చదువుకున్నవాళ్లకు ఇది సులభంగానే ఎక్కవచ్చు. బిల్లింగ్ కౌంటర్లో ఎక్కదు.

‘గంటలోన’ అన్నచోట శ్లేష. అరవై నిమిషాల్లోపు అన్నది సర్క్యులర్ అర్థం: క్యాష్‌లెస్ అడిగిన గంటలో జవాబివ్వాలి, డిశ్చార్జప్పుడు మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలి, అది దాటితే ఆసుపత్రి వేసే అదనపు ఖర్చును కంపెనీ తన వాటాదారుల నిధి నుంచి పెట్టుకోవాలి. ఇత్తడి గంట లోపల అన్నది మా డెస్క్ అర్థం. అక్కడ వేలాడే నాలుకను నేను, పొద్దుటినుంచీ రెండు పక్కలా కొట్టుకుంటూ ఉంటాను. క్వెరీ ఒకటి పడిందంటే గడియారం మళ్లీ మొదటికొస్తుంది. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఇదే ఊళ్లో, నానక్‌రాంగూడలో ఉంది. ఆ సర్క్యులర్ మా బల్ల దాకా రావడానికి బయల్దేరి ట్రాఫిక్‌లో చిక్కుకున్నట్టుంది.

మా వైపు తప్పులు దాచి వ్యాఖ్యానం రాస్తే పాపం. పెద్ద డాక్టరుగారు పొద్దున పదికే ‘ఇంటికెళ్లొచ్చు’ అంటారు. డిశ్చార్జ్ సమ్మరీ ఆయన సంతకంతో కిందికి దిగేసరికి భోజనాలవుతాయి. ఆ నాలుగు గంటలు కూడా జనం ఇన్సూరెన్స్ ఖాతాలోనే రాస్తారు, మేం దిద్దం. జబ్బేమిటని అడిగేముందు ‘ఇన్సూరెన్సా, క్యాషా?’ అని అడిగేదీ మేమే.

గది అద్దె సంగతి పద్యంలో పట్టలేదు. అయిదు లక్షల పాలసీలో రోజుకు ఒక శాతం పరిమితి ఉంటే గదికి అయిదు వేలు. కిటికీ ఉందని ఎనిమిది వేల గది తీసుకుంటే పోయేది ఆ మూడు వేలేనని అందరూ అనుకుంటారు. సర్జన్ ఫీజూ థియేటర్ ఛార్జీలూ కలిపి లక్షా అరవై వేలయితే, అందులోనూ ఎనిమిదింట అయిదు వంతులే, అంటే లక్షే వస్తుంది. కిటికీ ఖరీదు అరవై మూడు వేలు, అదీ ఒక్కరోజే ఉంటే.

ఇక చేతి తొడుగు. పాలసీలో చెల్లనివంటూ 68 వస్తువుల జాబితా ఒకటుంది. బ్యూటీ సర్వీసులు, ఇంటర్నెట్ ఛార్జీలు, మినరల్ వాటర్, టీవీ, వాటి తర్వాత మార్చురీ ఛార్జీలు, ఇంకొంచెం దూరంలో గ్లౌజులు. ఆపరేషన్ చెల్లుతుంది, ఆపరేషన్ చేసిన చేతికున్న తొడుగు చెల్లదు. విడిగా ప్రీమియం కట్టి రైడర్ తీసుకుంటే అదీ చెల్లుతుంది. చెల్లడం, చెల్లకపోవడం వస్తువు గుణం కాదని తార్కికులు గ్రహించాలి.

అన్నిటికన్నా కష్టమైన పాఠం మొదటి పాదంలోని ‘పత్రము’. సూర్యాపేట అవతల ఒక ఊరి నుంచి పెద్దాయన భార్యను తీసుకొచ్చాడు. పిత్తాశయంలో రాళ్లు. కొడుకు తీసుకున్న పాలసీకి రెండేళ్ల ఏడు నెలలు. డ్యూటీ డాక్టరమ్మ ‘షుగర్ ఎప్పటినుంచి?’ అని అడిగితే ఆమె ‘ఎప్పటిసందో ఉన్నది బిడ్డా’ అంది. ఎప్పటిసందో అన్న మాటకు కేస్ షీట్‌లో గడి లేదు, అంకె కావాలి. డాక్టరమ్మ పదేళ్లు అని రాసింది. దీన్ని పండితులు ప్రక్షిప్తం అంటారు, మూలకర్త అనని మాట ప్రతి రాసినవారి చేతిలో చొరబడడం. ప్రపోజల్ ఫారంలో షుగర్ లేదని ఉంది, అది నింపింది ఏజెంటు. అక్కడ మూలకర్త అసలు నోరే తెరవలేదు.

పాత జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ 36 నెలలు మించకూడదన్న నియమం ఉంది. అయిదేళ్లు ఆగకుండా కట్టాక, మోసమని రుజువైతే తప్ప, ఫలానాది దాచారని క్లెయిం ఆపకూడదన్న నియమమూ ఉంది. ముప్పై ఒక్క నెలలకు రెండూ అందవు. రాళ్లకూ షుగరుకూ సంబంధమేమిటని పోర్టల్‌లో రాశాను. షుగర్ మొదట బయటపడినప్పటి చీటీ పంపమని జవాబు. పరీక్ష చేసింది ఊళ్లో ఆర్‌ఎంపీ, చెప్పింది నోటితో. చీటీ లేదని రాసి పంపితే, ఆ లేదన్న సంగతికి లెటర్‌హెడ్ మీద ధ్రువపత్రం కావాలన్నారు.

సాయంత్రం ఆరున్నరకు ఆ ఉత్తరం వచ్చింది, తిరస్కరణగా భావించరాదన్నదే. పెద్దాయనకు చదివి వినిపించి, బిల్లు కట్టాలని చెప్పాను. గ్లౌజులు, మాస్కులు విడిగా పన్నెండు వందల చిల్లర. ఆయన ఏమీ అనలేదు. కొడుక్కి ఫోన్ చేసి, పెట్టేసి, మళ్లీ వచ్చాడు.

‘గాదన్నది ఎవరు సారూ?’

కంపెనీ అన్నాను. కంపెనీలో ఎవరన్నాడు. టీపీఏ అన్నాను. ఆ పేరుగల మనిషి ఎక్కడుంటాడన్నాడు. ఉత్తరం తిప్పి చూపించాను. కింద ‘మెడికల్ టీం’ అని ఉంది, ఇది కంప్యూటర్ ఉత్తరం గనక సంతకం అక్కర్లేదని ఉంది.

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, నా మెడలో వేలాడుతున్న ఐడీ కార్డు పట్టుకుని, దాని మీది పేరు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివాడు.